చలికాలం సెలవుల్లో ఇంటి సైన్సు: కర్ర నీడ చెప్పిన లెక్క

డిసెంబరు మొదట్లో ఒక ఉదయం కొబ్బరినూనె సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు. వేడినీళ్ల గిన్నెలో సీసాను కాసేపు నిలబెట్టి, కరిగాక తలకు రాసుకుని మన పనిలో మనం పడిపోతాం. మా అక్క కూతురు మాత్రం పడిపోలేదు. పక్కనే ఉన్న వేరుశెనగ నూనె సీసా చూపించి, "పిన్నీ, ఇద్దరికీ ఒకటే చలి కదా, ఇది ఎందుకు గడ్డకట్టలేదు?" అని ఫోన్లో అడిగింది.

ఆ పిల్లకు పదేళ్లు. రెండేళ్లుగా బడికి వెళ్లడం లేదు, ఇంట్లోనే చదువుతోంది. ఇలా ఇంటి చదువు ఎంచుకున్న కుటుంబాలు మన నగరాల్లో ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ నడిపే ప్రాథమిక విద్యా కార్యక్రమంలో 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు ఉన్నాయి. తర్వాత పదో తరగతి పరీక్ష కూడా అక్కడే రాయవచ్చు. అయితే ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు లెక్కలూ భాషా పెట్టని ఇబ్బంది సైన్సు పెడుతుంది. ప్రయోగశాల లేదు కదా అంటారు. నిజానికి చలికాలంలో ఇల్లే సగం ప్రయోగశాల. వంటగది, డాబా, వాకిలి, సంక్రాంతి ముగ్గు, ఇవన్నీ పనికొస్తాయి. బడికి వెళ్లే పిల్లలకు క్రిస్మస్, సంక్రాంతి సెలవులు ఉండనే ఉన్నాయి.

నిరుడు డిసెంబరు 1 నుంచి సంక్రాంతి దాకా ఆ పిల్ల, నేను, మా అమ్మ, బెంగళూరులో ఉండే మా తమ్ముడి కొడుకు కలిసి చేసిన పనులు ఇక్కడ రాస్తున్నాను. అన్నీ సవ్యంగా సాగలేదు.

నూనె గడ్డకట్టే లెక్క

ముందు నూనె సంగతి. కొబ్బరినూనెలో దాదాపు తొంభై శాతం సంతృప్త కొవ్వులే. వాటి అణువుల గొలుసులు వంకర లేకుండా తిన్నగా ఉంటాయి. పుల్లలను కట్టగా పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి సులువుగా సర్దుకుంటాయి కాబట్టి సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గట్టిపడతాయి. వేరుశెనగ నూనెలో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వులు. వాటి గొలుసులు మధ్యలో వంగి ఉంటాయి. వంకర పుల్లల మోపు ఎంత కట్టినా వదులుగానే ఉంటుంది కదా, అలాగే ఆ అణువులు దగ్గరగా చేరాలంటే ఇంకా బాగా చల్లబడాలి. ఫ్రిజ్‌లో పెడితే అది కూడా మబ్బుగా మారి చిక్కబడుతుంది.

చేయవలసింది ఇంతే. నాలుగు చిన్న గిన్నెల్లో కొబ్బరి, వేరుశెనగ, నువ్వుల నూనెలు, నెయ్యి పోసి వంటగదిలో ఒకేచోట పెట్టండి. గోడకు తగిలించే గది థర్మామీటరు ఒకటి పక్కన ఉంచండి. సాయంత్రం 6 నుంచి పడుకునేదాకా గంటగంటకూ, మళ్లీ తెల్లవారగానే, ఏ గిన్నె ఎలా ఉందో, ఎన్ని డిగ్రీలు ఉన్నాయో రాయండి. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, అది 32 డిగ్రీలకు కింద ఏమీ చెప్పదు. మా అక్క మొదటిరోజు దాన్నే పెట్టి, పాడైపోయిందనుకుంది.

మంచు గడ్డ సున్నా డిగ్రీల దగ్గర ఖచ్చితంగా కరుగుతుంది. కొబ్బరినూనె అలా కాదు. కొంత గట్టిగా, కొంత జారుగా ఒకటి రెండు డిగ్రీల మేర ఊగిసలాడుతుంది. అది ఒకే పదార్థం కాదు, పలు కొవ్వుల కలగలుపు కావడమే ఇందుకు కారణం. గడ్డకట్టని కొబ్బరినూనె కల్తీదని తీర్మానించే ముందు గదిలో ఎన్ని డిగ్రీలున్నాయో చూడడం మంచిది.

మంచు పడింది అంటాం, ఎక్కడినుంచి పడింది?

చలికాలం ఉదయం ఆరుబయట నిలిపిన స్కూటీ సీటు తడిగా ఉంటుంది. పోర్టికో కింద నిలిపినది పొడిగా ఉంటుంది. రెండింటి చుట్టూ ఉన్న గాలి ఒకటే. తేడా పైకప్పులో ఉంది. ప్రతి వస్తువూ రాత్రంతా తన వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో వదులుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ వేడి పైకి వెళ్లిపోతుంది, తిరిగి వచ్చేది తక్కువ. పైన కప్పో, చెట్టో, మబ్బో ఉంటే అది కూడా కిందికి వేడిని పంపుతుంది. అందుకే ఆరుబయటి సీటు చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడి, గాలిలోని ఆవిరిని తనమీద నీటి బిందువులుగా మార్చుకుంటుంది. మంచు పైనుంచి పడదు, అక్కడే పుడుతుంది.

రాత్రి పడుకునే ముందు డాబా మీద ఒక నల్లటి ప్లాస్టిక్ మూత, ఒక నిగనిగలాడే స్టీలు పళ్లెం పక్కపక్కన పెట్టి చూడండి. అలాంటివే మరో జత బల్ల కింద పెట్టండి. బల్ల కింద జతకు దాదాపు తడి ఉండదు. ఆరుబయట ఉన్నవాటిలో ప్లాస్టిక్ మూతకే ఎక్కువ తడి అంటుతుంది. మెరిసే లోహం వేడిని కిరణాలుగా వదలడంలో పిసినారి. అందుకే తక్కువ చల్లబడుతుంది. లంబసింగి, అరకు లోయల్లో తెల్లవారే దాకా కమ్ముకుని ఉండే పొగమంచు వెనుక కూడా నిర్మలమైన రాత్రి, నేల వదిలిన వేడి, లోయలో చేరిన చల్లగాలి ఉన్నాయి.

ఇక అసలు పని: మీటరు కర్ర

సరిగ్గా 100 సెంటీమీటర్ల పొడవుండే తిన్నని కర్ర ఒకటి కావాలి. దాన్ని మట్టి నింపిన బకెట్లో నిలబెట్టకండి, మేం అలా చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాం. బకెట్ ఎత్తు లెక్కలో కలిసిపోతుంది. చదునైన చెక్కపలకకు మేకుతో బిగిస్తే మేలు. కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి చిన్న రాయి కట్టి పక్కన వేలాడదీసి చూడండి. పలక మట్టంగా ఉండాలి. డాబాలకు వాననీరు పోయేందుకు వాటం ఇస్తారు కనుక నేల చదునుగానే ఉందని నమ్మవద్దు. వెడల్పాటి పళ్లెంలో నిండా నీళ్లు పోసి పలక మీద పెడితే వాలు ఎటుందో తెలిసిపోతుంది. ఆ వైపు అట్టముక్కలు దోపండి.

ఇప్పుడు మధ్యాహ్నం నీడ కొలవాలి. మధ్యాహ్నం అంటే గడియారంలో 12 కాదు, సూర్యుడు ఆ ఊరికి అత్యంత ఎత్తులో ఉండే క్షణం. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాలు ఆలస్యం. దీనికి తోడు భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, దాని అక్షం వంగి ఉండడం వల్ల ఈ క్షణం రోజురోజుకూ కొంచెం జరుగుతుంది. హైదరాబాదులో డిసెంబరు 21న 12 గంటల 14 నిమిషాలకు అసలు మధ్యాహ్నం అవుతుంది, జనవరి 14న 12 గంటల 25 నిమిషాలకు. అంత లెక్క వద్దనుకుంటే 11.50 నుంచి 12.40 దాకా అయిదు నిమిషాలకొకసారి నీడ కొనను సుద్దముక్కతో గుర్తించి, అన్నిటిలో చిన్నదాన్ని తీసుకోండి. ఆ అతిచిన్న నీడ చూపే దిక్కు సరిగ్గా ఉత్తరం. దిక్సూచి అక్కర్లేదు.

సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడవద్దు. మన పనంతా నీడతోనే.

మొదటి వారంలోనే ఇంకో చిక్కు వచ్చింది. నీడ కొన గీత గీసినట్టు ఉండదు, మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. పళ్లెం అంచులు వేర్వేరు చోట్లకు నీడ వేస్తాయి. మీటరు కర్రకు ఈ మసక ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఎక్కడ కొలవాలి? ఇద్దరు కొలిస్తే రెండు జవాబులు. దీనికి పాత కిటుకు ఒకటుంది. కర్ర కొనకు అట్టముక్క అంటించి, కొన ఎత్తులోనే దానికి సన్నని రంధ్రం చేస్తే, అట్ట నీడ మధ్యలో చిన్న వెలుగు చుక్క పడుతుంది. ఆ చుక్క సూర్యుడి బొమ్మే. దాని మధ్యకు కొలిస్తే సరి. మేం ఈ కిటుకు వాడేసరికి డిసెంబరు సగం అయిపోయింది.

రబ్బరుతో చెరిపిన అంకె

డిసెంబరు 1న నీడ 81.5 సెంటీమీటర్లు వచ్చింది. 10వ తేదీకి 85. పిల్లకు భలే సంబరం. ఆ తర్వాత నీడ పెరగడం మందగించింది. 19న 86, 20న 86.5, 21న 86, 22న 85.5, 23న మళ్లీ 86.5. డిసెంబరు 21, 22 తేదీల్లో నీడ అన్నిటికన్నా పొడుగ్గా ఉంటుందని పుస్తకంలో చదివింది. తన అంకెలు ఆ మాట వినడం లేదు.

25న అక్క ఫోన్ చేసింది. "నిన్న పొద్దున్నుంచీ మబ్బే కదా. మరి దీని నోటుబుక్కులో 24వ తేదీకి నీడ ఎక్కడినుంచి వచ్చిందే?" ఫోటో పంపమన్నాను. 22వ తేదీ దగ్గర రబ్బరుతో చెరిపిన మరక ఉంది. 85.5 కాస్తా 87 అయింది. 23న 86.5 పోయి 86 వచ్చింది. 24న 85.5. పెరిగి, శిఖరం ఎక్కి, అందంగా దిగుతున్న అంకెలు.

కోప్పడవద్దని అక్కకు చెప్పాను. అలా చెప్పడానికి నాకు కారణం ఉంది. డిగ్రీ మొదటి ఏడు మా కాలేజీ ల్యాబులో లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోమన్నారు. నాకు, నా జోడీకి 9.7 వచ్చింది. రికార్డులో 9.8 రావాలని సీనియర్లు చెప్పారు. వెనకనుంచి లెక్క కట్టి, డోలన కాలాలు మార్చి రాసేశాం. పూర్తి మార్కులు పడ్డాయి. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, హైదరాబాదు దగ్గర ఆ విలువ 9.78 మాత్రమే ఉంటుందని. భూమధ్యరేఖకు దగ్గరవుతున్నకొద్దీ, సముద్రమట్టం నుంచి ఎత్తుకు వెళుతున్నకొద్దీ అది తగ్గుతుంది. మా చేతిలో ఉన్న 9.7లో ఎంత పొరపాటు, ఎంత నిజం అని చూసుకునే అవకాశాన్ని మేమే చెరిపేసుకున్నాం.

ఈ కథ పిల్లకు ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మరి పాత అంకెలు గుర్తులేవు పిన్నీ, ఇప్పుడెలా?" అంది. అదృష్టవశాత్తు డాబా పలక మీద సుద్ద గుర్తులు, తేదీలతో సహా, ఇంకా ఉన్నాయి. చెరిపినవి తిరిగి రాసింది. 24వ తేదీ ఎదురుగా "మబ్బు" అని రాసింది.

అసలు ఆ అంకెల్లో తప్పేమీ లేదు. అయనాంతం దగ్గర సూర్యుడు ఉత్తర దక్షిణాలుగా దాదాపు కదలడు. డిసెంబరు 11 నుంచి 31 దాకా, మొత్తం 20 రోజుల్లో మన మీటరు కర్ర నీడ పెరిగి తగ్గేది ఒకే ఒక్క సెంటీమీటరు. మన కొలతలో పొరపాటేమో అర సెంటీమీటరు. కాబట్టి శిఖరం ఏ రోజో నీడ కొలిచి నేరుగా చెప్పడం కష్టం. ఒక్కో అంకె అటూ ఇటూ ఊగడం కొలత నిజాయితీగా జరిగిందనడానికి గుర్తు.

మరి ఆ రోజును పట్టుకోవడం ఎలా? కొండ శిఖరం చదునుగా ఉంటే, రెండు వైపులా ఒకే ఎత్తున్న చోట్లు చూసి వాటి మధ్యకు వెళ్లాలి. డిసెంబరు 1న నీడ 81.5. మళ్లీ 81.5 ఎప్పుడు వస్తుందో కనిపెట్టమన్నాను. ఆ రోజుల్లో నీడ చురుగ్గా మారుతుంది, రెండు రోజులకు అర సెంటీమీటరుకు పైగా తేడా తెలుస్తుంది. జనవరి 11న వచ్చింది. మధ్యలో 41 రోజులు. సగం ఇరవైన్నర. డిసెంబరు 1కి కలిపితే 21వ తేదీ అర్ధరాత్రి. 21 కావచ్చు, 22 కావచ్చు. చెరిపి రాసిన అంకెలతో ఈ జవాబు వచ్చేదే కాదు, అవసరమూ పడేది కాదు.

"అయితే పంచాంగం తప్పా?"

ఇక్కడ మా అమ్మ రంగంలోకి దిగింది. జనవరి 14న నీడ 80 సెంటీమీటర్లు. అప్పటికే ఆరు సెంటీమీటర్లు తగ్గింది. "అమ్మమ్మా, సూర్యుడు ఉత్తరానికి తిరిగి మూడు వారాలు దాటింది, నువ్వేమో ఉత్తరాయణం ఇవాళ మొదలంటావు" అని మనవరాలు అడిగింది. అరిసెల పాకం దగ్గరున్న అమ్మ గరిటె పట్టుకునే, "అయితే ఇన్నేళ్లూ పంచాంగం తప్పు చెప్పిందా?" అంది. మాటలో కొంచెం నొప్పి ఉంది.

తప్పు చెప్పలేదు. పంచాంగం చూసే గడియారం వేరు, నీడ చూసే గడియారం వేరు. మకర సంక్రాంతి అంటే సూర్యుడు మకర రాశిలోకి ప్రవేశించడం. మన పంచాంగాలు రాశులను స్థిరమైన నక్షత్రాలను బట్టి లెక్కిస్తాయి. సూర్యుడు ఉత్తరానికి తిరగడం మాత్రం భూమి అక్షం వంపును బట్టి జరుగుతుంది. ఈ అక్షం తిరుగుతున్న బొంగరంలా మెల్లగా తూలుతుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 25,800 ఏళ్లు పడుతుంది. దాంతో నక్షత్రాల సంవత్సరం ఋతువుల సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఏడాదికి 20 నిమిషాలంటే 72 ఏళ్లకు 1,440 నిమిషాలు, అంటే ఒక రోజు. సుమారు 1,700 ఏళ్ల క్రితం ఈ రెండు గడియారాలూ ఒకే రోజు చూపించాయి. అప్పుడు సంక్రాంతి నాడే సూర్యుడు ఉత్తరానికి తిరిగేవాడు. అప్పటినుంచి 72 ఏళ్లకొక రోజు చొప్పున విడిపోతూ ఇప్పుడు 24 రోజుల దూరం వచ్చింది.

ఈ జరుగుడుకు ఇంట్లోనే దొరికే సాక్ష్యం ఒకటుంది. వివేకానందుడు 1863 జనవరి 12న, మకర సంక్రాంతి నాడు పుట్టాడు. ఇప్పుడు సంక్రాంతి జనవరి 14న, కొన్నేళ్లు 15న వస్తోంది. 160 ఏళ్లకు పైగా గడిచాయి, 72తో భాగిస్తే రెండుకు కాస్త ఎక్కువ. లెక్క కుదిరింది.

ఈ చిక్కు గురించి ఆలోచించిన వాళ్లలో భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా ఒకరు. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్రం వేసిన పంచాంగ సంస్కరణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ సంఘం సిఫార్సు మీద 1957 మార్చి 22 నుంచి అమలైన మన జాతీయ పంచాంగం ఋతువులను బట్టి నడుస్తుంది. అందులో పుష్య మాసం మొదటి తేదీ డిసెంబరు 22. మన కర్ర చెప్పిన రోజే! ప్రభుత్వ గెజిట్ మీద ఈ తేదీలు ఉంటాయి గానీ, పండుగలు మాత్రం పాత లెక్కనే జరుగుతున్నాయి. పంట ఇంటికి వచ్చిన సందర్భం, చుట్టాలు కలిసే సెలవులు, వీటిని అక్షం తూలుడుతో జరపడం ఎవరికీ అంత అవసరంగా తోచలేదేమో.

అమ్మ అంతా విని, "అంటే మా తాతల తాతలు చూసి రాసినదే, వాళ్ల రోజుకు సరిపోయింది" అంది. అవును, వాళ్లూ ఇలాగే శంకువు అనే కర్ర పాతి నీడ కొలిచారు. ఈలోగా పాకం కొంచెం ముదిరింది.

పాకం విషయం కూడా ఒక పాఠమే. బెల్లం నీళ్లు మరుగుతున్నకొద్దీ నీరు పోతుంది, చిక్కదనం పెరుగుతుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత కూడా 100 దాటి పైకి పోతుంది. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి ఒక చుక్క పాకం వేసి వేళ్లతో ఉండ చేసి చూసే అలవాటు, నిజానికి పాకంలో ఎంత నీరు మిగిలిందో చెప్పే పరీక్ష. పిల్లలు నీళ్లలో పడ్డ చుక్కను మాత్రమే తాకాలి. మరుగుతున్న పాకం మరిగే నీళ్ల కంటే వేడిగా ఉండడమే కాక చర్మానికి అతుక్కుంటుంది.

రెండు ఊళ్లు, ఒక భూమి

డిసెంబరు 21న మా తమ్ముడి కొడుకు బెంగళూరులో అలాంటి కర్రతోనే నీడ కొలిచాడు. అతనికి 74 సెంటీమీటర్లు, ఇక్కడ 86. ఒకే రోజు, ఒకే పొడవు కర్ర, నీడలు వేరు. భూమి బల్లపరుపుగా ఉండి సూర్యుడు చాలా దూరంలో ఉంటే ఇలా రాదు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీసు ఈజిప్టులోని సయీన్, అలెగ్జాండ్రియా నగరాల మధ్య ఇదే తేడా చూసి భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. ఆయనకు వచ్చిన తేడా వృత్తంలో యాభయ్యో వంతు.

మన లెక్క చూద్దాం. గ్రాఫు కాగితం మీద పదో వంతు కొలతతో కర్రనూ నీడనూ గీసి, కోణమానినితో కొనదగ్గరి కోణం కొలవండి. హైదరాబాదుకు 40.7 డిగ్రీలు, బెంగళూరుకు 36.5. కోణమాని అర డిగ్రీ దాకానే చెబుతుంది కాబట్టి పెద్ద పిల్లలైతే టాంజెంట్ పట్టిక చూడవచ్చు. తేడా 4.2 డిగ్రీలు. అట్లాసులో స్కేలు పెట్టి, ఉత్తర దక్షిణ దిశలో మాత్రమే ఈ రెండు ఊళ్ల దూరం కొలిస్తే సుమారు 490 కిలోమీటర్లు. రోడ్డు దూరం తీసుకోకూడదు. 4.2 డిగ్రీలకు 490 అయితే 360 డిగ్రీలకు 42,000 కిలోమీటర్లు. అసలు విలువ సుమారు 40,000.

"రెండు వేలు తప్పా?" అని పిల్లలిద్దరూ నీరసపడ్డారు. ఎందుకు తప్పిందో చూడమన్నాను. నీడ కొలతలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే కోణం మూడో వంతు డిగ్రీ మారుతుంది. నాలుగు డిగ్రీల తేడాలో అది చాలా ఎక్కువ. భూమి చుట్టుకొలత ఒక్కసారిగా 3,000 కిలోమీటర్లు అటో ఇటో పోతుంది. అంటే మనది అర సెంటీమీటరుకు అటూ ఇటూ ఉన్న పొరపాటు. డాబా మీద, పదేళ్ల పిల్లలు, మీటరు కర్రతో చేసిన పనికి ఇది తక్కువేమీ కాదు. పొరపాటు తగ్గాలంటే ఊళ్లు ఇంకా దూరంగా ఉండాలి. ఢిల్లీలో చుట్టాలున్న వాళ్లు ఈ ఏడాది ప్రయత్నించండి.

వాకిట్లో గరిష్ఠ సామాన్య భాజకం

భోగి ముందురోజు మెలికల ముగ్గు దగ్గర ఇంకో లెక్క దొరికింది. చుక్కలను అడ్డంగా, నిలువుగా వరసల్లో పెట్టండి. ప్రతి రెండు పక్క చుక్కల నడుమ గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటాలి, అంచుకు వచ్చినప్పుడు చివరి చుక్కను చుట్టి లోపలికి తిరగాలి. చెయ్యెత్తకుండా మొదలుపెట్టిన చోటికి చేరేదాకా గీయండి. 3 వరసలు, 4 చుక్కలు అయితే ఒకే గీత ముగ్గంతా చుట్టి వస్తుంది. 3 వరసలు, 3 చుక్కలు అయితే గీత మధ్యలోనే మూసుకుపోతుంది, మొత్తం మూడు గీతలు కావాలి. 4 వరసలు, 6 చుక్కలకు రెండు.

ఎన్ని గీతలు కావాలో ముందే చెప్పగలమా? పిల్ల ఎనిమిది ముగ్గులు వేసి పట్టిక రాసింది. ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో అన్ని గీతలు. పుస్తకంలో ఆ పాఠం ఆమెకు మూడు నెలల కిందటే అయిపోయింది, ముగ్గులో కనిపించేదాకా ఎందుకో అర్థం కాలేదంది. 1970లలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు దక్షిణాది ముగ్గులను కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణ నియమాలతో వర్ణించారు. ముగ్గు వేసే ఆడవాళ్ల నుంచే వాళ్లు ఆ నమూనాలు సేకరించారు. మా అమ్మకు భాజకం మాట తెలియదు గానీ, ఎన్ని చుక్కలకు గీత తెగకుండా వస్తుందో చూడకుండానే చెబుతుంది.

రాత్రి భోగి మంటల ఏర్పాట్ల మధ్య తలెత్తితే తూర్పున వేటగాడి నక్షత్రమండలం ఉంటుంది. ఆర్ద్ర ఎర్రగా, రిగెల్ నీలితెలుపుగా కనిపిస్తాయి. ఎర్రనిది చల్లనిది, ఉపరితలం 3,500 కెల్విన్ల దగ్గర. నీలిది 12,000 దగ్గర. పక్కనే పిల్లలకోడి, అంటే కృత్తికలు. బైనాక్యులర్ లేకుండా అందులో ఎన్ని చుక్కలు కనిపిస్తాయో ఇంట్లో ప్రతి ఒక్కరూ విడివిడిగా రాసి, తర్వాత పోల్చుకోవాలి. ఒకరు చెప్పాక ఇంకొకరు లెక్కపెడితే అదే అంకె వస్తుంది.

సెలవులయ్యాక కర్రను పారేయకండి. నీడ మార్చి, ఏప్రిల్ నెలల్లో వేగంగా తగ్గుతుంది. వారానికి ఒకసారి కొలిస్తే చాలు. బెంగళూరులో ఏప్రిల్ 24 ప్రాంతంలో, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో ఆరోజు 12 గంటల 12 నిమిషాలకు కర్ర నీడ ఉండదు. మా పిల్ల నోటుబుక్కులో ఆ తేదీ ఎదురుగా ఇప్పుడే "0?" అని రాసి పెట్టుకుంది, పెన్సిలుతో.